ఆగనికొండ మీద తిట్టుపరుగు

“కూచుంటివా, చంపేస్తా!”

గురివి వెనక్కి తిరగకుండానే అరిచింది. తిరిగి చూడాల్సిన అవసరమే లేదు. నడుముకు కట్టుకున్న తాడు బిగుసుకుందంటే, రెండో కొసన ఉన్న మహానుభావుడు మళ్ళీ కూర్చోవడానికి బండ వెతుక్కుంటున్నాడన్నమాట. తెల్లవారి బయలుదేరినప్పటి నుంచీ ఇదే తంతు. ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది.

“కూర్చోవడం లేదు... చెప్పులో... రాయి...”

“చెప్పులో రాయి ఉంటే మేలు. నువ్వే రాయైతే నిన్నెవరు మోసేది? పరిగెత్తుకుంటానే దులుపుకో!”

ఒంటికాలి మీద గెంతుతూ, రెండో కాలి చెప్పు విదిలించుకుంటూ, పట్టు ఉత్తరీయాన్ని ముళ్ళకంపకు అప్పగించి వస్తున్న ఆ యువకుడు సామాన్యుడు కాడు. రత్నపాలి రాజ్యానికి కాబోయే ప్రభువు. పేరు శతచంద్రకేతనుడు. కత్తి పట్టాడంటే ఎదుట నిలిచేవాడు లేడు. గుర్రమెక్కాడంటే పట్టుకోగలిగినవాడు లేడు. కానీ ఏం లాభం? ఆగనికొండ మీదికి గుర్రం ఎక్కదు. కత్తి దూస్తే నరకడానికి అక్కడ తుప్పలు తప్ప ఏమీ లేవు. కావాల్సినవల్లా రెండు కాళ్ళు, వాటిని ఆపకుండా ఉండే బుద్ధి. కాళ్ళు దేవుడు ఇచ్చాడు. బుద్ధి సంగతే గురివికి అనుమానంగా ఉంది.

ఆ కొండకు ఆ పేరు ఊరికే రాలేదు. పాషాణకేశి అనే మాంత్రికుడు దాని కడుపులో గుహ తొలుచుకుని కాపురం పెట్టిన నాటి నుంచీ, ఆ కొండ మీద గుక్క తిప్పుకోవడానికి ఆగినా చాలు, అరికాళ్ళు బండకు అతుక్కుపోతాయి. అక్కడి నుంచి రాతిదనం మోకాళ్ళకు, నడుముకు, గొంతుకు పాకుతుంది. ఆ దుర్మార్గుడికి పాతాళంలో వెయ్యి స్తంభాల మంటపం కట్టుకోవాలని కోరిక. స్తంభాలు చెక్కించడానికి మాత్రం బద్ధకం. అందుకని దారిన పోయే మనుషులనే స్తంభాలు చేసుకుంటున్నాడు. ఆ నెలలో రాళ్ళయినవాళ్ళందరినీ అమావాస్య రాత్రి, తెల్లవారేలోగా, పెకలించి కిందికి మోసుకుపోతాడు. మంటపం కప్పు కిందికి చేరినవాడు ఇక ఎప్పటికీ స్తంభమే. అప్పటిదాకా మాత్రం శిఖరం మీద ఉన్న చలికన్ను అనే ఊట నీళ్ళు నెత్తిన పడితే, ఎంత రాయైనా మళ్ళీ మనిషవుతాడు.

ఈ రోజు అమావాస్య. దిగువ గండిలో గురివి మేనమామ మద్దిలేటి రాయై నిలబడి ఉన్నాడు.

ఎందుకు నిలబడ్డాడంటారా? అదిగో, ఆ తాడు కొసన గెంతుతున్న రాజకుమారుడి పుణ్యమే. కిందటి అమావాస్య వెళ్ళిన మర్నాడు యువరాజు గండి దాటుతూ, దారి చూపిస్తున్న మద్దిలేటి ఆగొద్దు ఆగొద్దని మొత్తుకుంటున్నా వినకుండా, “ఆహా! ఏమి ఈ లోయ సౌందర్యం!” అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మద్దిలేటి వెనక్కి పరుగెత్తి, అరికాళ్ళు పూర్తిగా అతుక్కోకముందే అతన్ని రెండు చేతులా ఎత్తి కొండ హద్దు అవతలి పల్లంలోకి విసిరేశాడు. ఎత్తడానికి కాళ్ళు ఊని నిలబడక తప్పలేదు. అంతే, ఆ కాళ్ళు మళ్ళీ లేవలేదు. యువరాజు మోచేతులు దోక్కుపోయి బతికి బయటపడ్డాడు.

తల్లీతండ్రీ లేని గురివికి గంజి పోసినవాడూ, పరుగు నేర్పినవాడూ ఆ మేనమామే. నెల రోజుల పాటు కొండ మీద మబ్బు విడవలేదు, దోవ కనబడలేదు. ఇవాళ విడిచింది. ఒక్కతే వెళ్ళి నీళ్ళు తెచ్చుకునేది కదా, ఈ యువరాజు వచ్చి, “నా మూలంగా జరిగింది, నేనూ వస్తాను” అని పట్టుబట్టాడు. రాజు కొడుకుని కాదనడం ఎవరి తరం? పైగా కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. గురివి ఒళ్ళు మండిపోయింది గానీ, తాడు తెచ్చి అతని నడుముకు కట్టింది.

గురివిది వడికాళ్ళవాళ్ళ కులం. కొండల మీద పరుగే వాళ్ళ బతుకు. ఒక రాజు పంపిన కబురు ఇంకో రాజుకు చేరాలన్నా, మన్నెంలో పాము కరిచినవాడికి మందు అందాలన్నా వాళ్ళే దిక్కు. అది పని లెమ్మనుకుందాం. పని లేని రోజున కూడా పరుగే! పొద్దున్నే లేచి ఏ పనీ లేకుండా ఎదురుకొండ ఎక్కి దిగి వస్తారు. గోళ్ళు ఊడిపోతాయి, మోకాళ్ళు వాచిపోతాయి, ఆముదం రాసుకుని మర్నాడు మళ్ళీ పోతారు. పెళ్ళిచూపులకు వచ్చినవాడిని కూడా ముందు కొండెక్కించి గానీ మంచినీళ్ళివ్వరు. ఏమిటయ్యా ఈ పిచ్చి అని అడిగితే, మీరెట్లా ఊరికే కూర్చుంటారని మనల్నే వింతగా చూస్తారు. వాళ్ళతో వాదించి లాభం లేదు.

ఇక వాళ్ళ తిట్టుపరుగు సంగతి చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. పొద్దస్తమానం పరుగెత్తేవాడు మొదట్లోనే దమ్ము పోగొట్టుకోకూడదు కదా! అందుకని జంటగా పోయేటప్పుడు ఒకరినొకరు తిట్టుకుంటారు. తిట్టు మొదలు నుంచి చివరిదాకా సాఫీగా వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో తెగితే వేగం తగ్గించాలి. తిట్టు మరీ పొడవై, అలంకారాలు తగిలించుకుని సాగుతుంటే ఒళ్ళు దాచుకుంటున్నారని అర్థం, వేగం పెంచాలి. కొండ దిగాక ఆ తిట్లు ఎవరూ గుర్తు పెట్టుకోరు. కొండ మీద గారూ బూరూ, ప్రభువూ దాసుడూ ఏమీ ఉండవు. అంత ఊపిరి ఎవరి దగ్గరుంది?

ఈ మాట యువరాజుకు బయలుదేరే ముందే విడమరిచి చెప్పింది గురివి. అతను తల ఊపాడు కూడా. ఊపినవాడు మొదటి తిట్టుకే అలిగాడు.

“కేతూ! కాలెత్తు! గాడిదకైనా గిట్టలెత్తాలని తెలుసు, నీకు తెలవదా?”

“కేతువంటే... పాపగ్రహం! నా పేరు... శతచంద్ర...”

“నాకు పట్టిన గ్రహం నువ్వే గదప్పా! ఆ పేరంతా పిలిచేలోగా నేను కొండెక్కి దిగొస్తా. తిట్టు, తిరిగి తిట్టు! నీ దమ్మెంతుందో నాకు తెలియల్ల!”

“స్త్రీలను... తిట్టడం... మా వంశంలో...”

“మీ వంశంలో కొండెక్కినోడు కూడా ల్యా! తిట్టు!”

“నువ్వు... నువ్వు ఒక... చాలా... మంచిదానివి కావు!”

గురివి నెత్తి కొట్టుకుంది, పరుగెత్తుతూనే. ఇదా తిట్టు? ఇట్లాంటివాడితో కొండెక్కమని తన నొసట రాసిన దేవుణ్ణి తిట్టాలనిపించింది. అయినా నాలుగు ముక్కలూ మూడు చోట్ల తెగాయి కాబట్టి, విసుక్కుంటూనే అడుగు తగ్గించింది.

మధ్యాహ్నం దాటుతుండగా శిఖరం కనిపించింది. చూడాలి ఆ శోభ! స్ఫటికఫలకాల వంటి తెల్లని బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఆకాశాన్ని అంటుతున్నాయి. వాటి సందుల్లో నీలిపూల తీగలు అల్లిబిల్లిగా అల్లుకుని, గాలి తాకినప్పుడల్లా పుప్పొడి రాలుస్తున్నాయి. అన్నిటికన్నా ఎత్తున, ఒక నల్లని శిల నడిమి నుంచి, వజ్రపు తునకలా మెరుస్తూ నీటిచుక్కలు జారుతున్నాయి. అదే చలికన్ను. దేవతలు దాహం తీర్చుకునే చోటని చెబుతారు. యువరాజు నోరు తెరిచాడు. “ఆహా” అనబోయాడు.

“అన్నావంటే నాలిక కోస్తా” అంది గురివి.

ఆ మాట ముగియకముందే నెత్తి మీద ఎండ ఆరిపోయింది. తలెత్తి చూస్తే గండభేరుండం! రెండు తలల ఆ మహాపక్షి రెక్కలు విప్పితే ఊట మీద చీకటి పడింది. ఒక తల గురివి మీదికి, ఒక తల యువరాజు మీదికి దూసుకొచ్చాయి. గురివి పక్కకు దూకింది. తాడు లాగేసరికి యువరాజు బోర్లా పడబోయి, నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ, లేచి, మళ్ళీ పరుగు అందుకున్నాడు. అతని కత్తి పక్షి ఈకలకు తగిలి టంగుమని వంగిపోయింది.

“నువ్వు నీళ్ళు... పట్టు! దీని సంగతి... నేను!” అని అరుస్తూ యువరాజు ఊట చుట్టూ తిరగసాగాడు. తిరుగుతూనే తలపాగా ఊడబెరికి, దానికి ఉన్న మాణిక్యపు కలికితురాయిని రెక్కల నీడ దాటి ఎండలో తళతళలాడించాడు. రెండు తలలూ దాని వంకే చూశాయి. అతను దాన్ని పైకి విసిరాడు. ఒక తల పట్టుకుంది, రెండో తల లాక్కుంది. ఇక చూసుకోండి, ఒకే మెడ మొదట్లో నుంచి వచ్చిన ఆ రెండు తలలూ తోడికోడళ్ళలా పోట్లాడుకుంటూ, గాల్లో గింగిరాలు కొడుతూ లోయలోకి దిగిపోయాయి. గురివికి మొదటిసారి అతని మీద కాస్త గౌరవం కలిగింది. అది బయటికి చెబితే కాళ్ళు ఆపుతాడని చెప్పలేదు.

ఆ ఊటేమో చుక్కచుక్కగా తప్ప పడదు. సొరకాయ బుర్ర దాని కింద పెట్టి, పెట్టినచోటే గెంతుతూ ఉండాలి. గెంతితే చుక్క పక్కకు పోతుంది, గెంతకపోతే కాలు రాయవుతుంది. ఇద్దరూ బుర్రకు చెరో పక్కా గెంతుతుంటే, ఎవరైనా చూస్తే పూనకం వచ్చిందనుకుంటారు. బుర్ర నిండేసరికి గురివి పిక్కలు మంటలెత్తుతున్నాయి. మూతి బిగించి, బుర్రను వీపుకు కట్టుకుని, “ఇంక దిగుడే, పా!” అంది.

దిగుడులో ఆమెకు ఒళ్ళు తెలియలేదు. రాయి మీద నుంచి రాయి మీదికి కాలు దానంతటదే పోతోంది. మామ బతుకుతాడన్న ఆశతో గుండె తేలికైంది. ఎందుకు పరుగెత్తుతావంటే ఇదిగో, ఇందుకేనని చెప్పాలనిపించింది గానీ, వెనక నుంచి “అయ్యో... అమ్మో... మోకాలు...” అనే ఆర్తనాదాలు వింటుంటే చెప్పబుద్ధి కాలేదు.

సగం దిగారో లేదో, పక్క పొదల్లోంచి ఒక ముసలాయన పరుగున వచ్చి ముందుకు చేరాడు. తలకు వడికాళ్ళవాళ్ళ పసుపు పాగా, పిక్కలకు తోలుపట్టీలు. వస్తూనే మొదలుపెట్టాడు.

“ఏమ్మే! అడుగులా అవి, రోట్లో రోకలిపోట్లా? మడమ మోపుతాండావే, సిగ్గు ల్యా? మద్దిలేటి కోడలు ఆగనికొండ ఎక్కతాందని చెబితే అవతలి కొండ నుంచి చూసిపోదామని వస్తి. ఇదా పరుగు? కడుపుతో ఉండే గేదె కూడా ఇంతకన్నా వడిగా దిగుతాది. ఆ భుజాలేంది, కావిడి మోస్తాండావా? దించు!”

గురివి గబుక్కున భుజాలు దించింది. ఆమె కళ్ళు చెమర్చాయి. ఎంత చక్కటి తిట్టు! మామ రాయైపోయిన నాటి నుంచీ ఆమెను ఎవరూ తిట్టలేదు. పల్లెలో అందరూ తల నిమిరి, మెత్తగా మాట్లాడి, తిన్నావా అని అడిగేవాళ్ళు. ఆ మెత్తని మాటలు వింటే మామ ఇక రాడేమోనని ఆమెకు భయం వేసేది. ఇప్పుడు ఈ ముసలాయన తిడుతుంటే ఇంటికి చేరినట్టే ఉంది. తమవాడు కాకపోతే ఇంత బాగా ఎవరు తిడతారు?

“గండికి ఈ దోవ ఏందే, మొద్దుమొహమా?” అన్నాడు ముసలాయన. “ఈ దోవన పోతే రేపు చేరతావు. ఈ మిట్టెక్కి గరుడబండ మీదుగా దిగల్ల. పా నా ఎనకాల!”

ఆమె మారు మాట్లాడకుండా మలుపు తిరిగింది. ముసలాయన నిటారుగా ఉన్న మిట్ట ఎక్కుతూ కూడా ఏకధాటిగా తిడుతూనే ఉన్నాడు. ఆమె పడకను తిట్టాడు, నడకను తిట్టాడు, ఆమె పొయ్యి మీది కూరను కూడా తిట్టాడు.

“గురివీ... ఆయన... ఊపిరి...” వెనక నుంచి యువరాజు.

“నీ ఊపిరి సంగతి నువ్వు చూసుకో!”

“విను! ఆయన... ఊపిరి... తీసుకోవడం... లేదు!”

పొద్దున్నుంచీ ఊపిరాడక చస్తున్నవాడు కనుక అతనికి అది వినిపించింది. తిట్ల మాధుర్యంలో మునిగిపోయిన గురివికి అప్పుడు గానీ తట్టలేదు. అంత ఏటవాలు ఎక్కుతూ, ఒక్కచోట కూడా తెగకుండా అంత పొడవు తిట్టగలిగిన మనిషి వాళ్ళ కులంలో పుట్టలేదు. అసలు ఎక్కడా పుట్టలేదు. తిట్టును కొలవడమే మరిచిపోయి తిట్టు వింటూ కూర్చుందే, ఎంత తెలివితక్కువది! కానీ అప్పటికే ఆమె కాలు గరుడబండ మీద పడింది. పడలేదు. అక్కడ బండ లేదు, బండలా కనిపిస్తున్న పొగమంచు ఉంది.

ఆమె కిందికి పోయింది.

తాడు సర్రున జారింది. యువరాజు పరుగెత్తుతున్నవాడు పరుగెత్తుతున్నట్టే అంచువైపు ఈడ్చుకుపోయాడు. మరో రెండడుగులు వేస్తే ఇద్దరూ లోయలో ఉంటారు. కదులుతూ ఉంటే ఆ బరువును ఆపడం ఎవరివల్లా కాదు. అతను తాడును నడుము చుట్టూ ఒక మెలిక తిప్పి, రెండు కాళ్ళూ ఎడంగా ఊని, పళ్ళు బిగించి నిలబడిపోయాడు.

గురివి గాల్లో గిరగిరా తిరుగుతూ ఆగింది. వీపు వెళ్ళి కొండచరియకు కొట్టుకుంది. సొరకాయ బుర్ర పటుక్కుమంది. చల్లటి నీళ్ళు నడుము మీదుగా కారిపోతుంటే ఆమె కెవ్వున అరిచింది.

పైన పసుపు పాగా మాయమైంది. పాగా ఉన్నచోట గుట్టలు గుట్టలుగా జడలు, కొలిమిలా ఎర్రటి కళ్ళు, బూడిద రంగు దేహం. పాషాణకేశి! కదిలే ప్రాణిని ముట్టుకునే శక్తి అతనికి లేదు. అందుకే ఇన్ని వేషాలు.

“పట్టు వదిలితే చస్తావు, పట్టుకుని ఆగితే రాయవుతావు! ఇంత దూరం వచ్చిన నీళ్ళు కూడా పాయె!” అని వికటంగా నవ్వాడు. “మిగతా నీళ్ళ సంగతి కూడా చూస్తా. చలికన్ను చుట్టూ మంట పెట్టి వస్తాను. తెల్లవారేలోగా మోసుకుపోవడానికి నాకు ఇవాళ ఒక రాజస్తంభం కూడా దొరికింది!” అంటూ పెద్ద దుమ్ములా లేచి శిఖరంవైపు పోయాడు.

గురివి కాళ్ళు ఆడిస్తూనే తాడు పట్టుకుని ఎగబాకింది. తాడు ఇసుమంతైనా కదల్లేదు. అంత గట్టిగా ఎందుకుందో ఆమెకు తెలుసు, తెలుసు కాబట్టే పైకి రావాలంటే భయమేసింది. అంచు మీదికి చేరి చూస్తే, యువరాజు నడుము దాకా రాయి.

బుర్ర విప్పి చూసింది. పక్కన చీలిపోయింది. అడుగున పుడిసెడు నీళ్ళు మిగిలాయి. ఒక్క మనిషి తల తడుస్తుంది, అంతకు మించి చుక్క లేదు.

“ఎవరు ఆగమన్నారు నిన్ను?” ఆమె అతని చుట్టూ పరుగెత్తుతూ గొంతు చించుకుంది. ఆ కొండ మీద ఏడవాలన్నా ఆగడానికి లేదు. “పొద్దున్నుంచీ ఆగొద్దు ఆగొద్దని నెత్తీ నోరూ కొట్టుకుంటే వింటివా? నీకెన్ని తూర్లు చెప్పల్ల?”

“ఆగకపోతే ఇద్దరం పోయేవాళ్ళం” అన్నాడు యువరాజు. ఆ రోజంతటిలో మొదటిసారి ఆయాసం లేకుండా, నిదానంగా మాట్లాడాడు. “నీళ్ళు ఎంత ఉన్నాయి?”

“ఒక్కరికి.”

“అయితే మద్దిలేటికి పొయ్యి.”

“నోర్మూసుకో!”

“ఆయన నా బదులు నిలబడ్డాడు గురివీ. నెల రోజులుగా నేను అన్నం తిన్నా, నిద్రపోయినా ఆయనే కనిపిస్తున్నాడు. ఇది నా ఆజ్ఞ.”

“కొండ మీద ఆజ్ఞలు చెల్లవు!”

“అయితే బతిమాలుతున్నాననుకో.” రాయి అతని రొమ్ము దాటి భుజాలకు పాకింది. “తొందరగా పో. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

గురివి పళ్ళు పటపట కొరికింది. అతను ఆ మాట అనాలని తాను లోలోపల ఎదురుచూసిందని తెలుసుకుని, తన మీద తనకే అసహ్యం వేసింది. మామకు నీళ్ళు దక్కాయన్న సంతోషం, ఈ మూర్ఖుణ్ణి వదిలిపోతున్నానన్న బాధ, రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నడుముకున్న ముడి విప్పింది. తాడు అతని కాళ్ళ దగ్గర పడిపోయింది.

“తెల్లవారేలోగా వస్తా” అంది.

అతను ఏదో అనబోయాడు. పెదవులు సగం తెరుచుకుని అట్లాగే ఉండిపోయాయి.

తరువాత ఆమె ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. చీలికకు అరచెయ్యి అదిమిపెట్టి, బుర్రను పసిబిడ్డలా రొమ్ముకు హత్తుకుని, ఏడుస్తూ, యువరాజును, అతని వంశాన్ని, తాడు నేసినవాణ్ణి, అన్నిటికన్నా ముందు తిట్టుకు పడిపోయిన తన చెవులను తిట్టుకుంటూ దిగింది. గండికి చేరేసరికి సూర్యుడు పడమటి కొండ మీద ఆనుకుని ఉన్నాడు.

మద్దిలేటి రెండు చేతులూ ముందుకు చాచి, నోరు బార్లా తెరిచి నిలబడి ఉన్నాడు. భుజాల మీద నాచు పట్టింది. గురివి ఆయన చుట్టూ గెంతుతూ, ఒక్క చుక్కా పక్కకు పోకుండా చూసుకుంటూ, నీళ్ళన్నీ ఆయన నడినెత్తి మీద పోసింది. రాయి చెమర్చింది. బుగ్గలకు రంగు వచ్చింది. కనుగుడ్లు కదిలాయి.

“...కండ్లు నెత్తికెక్కినాయా దొంగనాయాలా!” అని మద్దిలేటి నెల కిందట మొదలుపెట్టిన తిట్టు ముగించాడు. ఎదురుగా యువరాజు లేడు, మేనకోడలు ఉంది. “నువ్వేందే ఈడ?”

“నడువు మామా! ముందు నడువు, ఆగొద్దు!” ఆమె ఆయన చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ గండిలో గుండ్రంగా తిరుగుతూ మాట్లాడుకున్నారు. మోకాళ్ళు వంగక ఆయన కర్రకాళ్ళవాడిలా నడుస్తున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పేసింది. తిట్టు విని మోసపోయిన సంగతి కూడా దాచలేదు.

“నన్ను బతికిస్తివి, వాణ్ణి వదిలొస్తివి” అన్నాడు మద్దిలేటి.

“ఆయప్పే పొమ్మనె మామా.”

“పొమ్మంటాడు. నిలబడి నన్ను ఆగబెట్టినోడు, నిలబడి నిన్ను కాపాడినాడు. వాడు స్తంభమైతే నేను మళ్ళా ఊర్లో తలెత్తుకోల్యాను.”

ఇద్దరూ పైకి చూశారు. శిఖరం చుట్టూ ఎర్రగా మంటలు లేచాయి. ఆ వెలుగులో గండభేరుండం మళ్ళీ వచ్చి తిరుగుతోంది. కొండ నీడ గండిలోకి జారింది.

మద్దిలేటి పరుగందుకోబోయాడు. మోకాలు మడవలేక ముందుకు తూలాడు. గురివి పట్టుకుంది. ఆయన ఆమె పాదాలవైపు చూశాడు. బొటనవేళ్ళు రెండూ రక్తం కక్కుతున్నాయి, పిక్కలు వాటంతటవే వణుకుతున్నాయి.

“ఈ కొండ ఒకే దినం రెండు తూర్లు ఎక్కినోడు మనలో ఎవడూ ల్యాడు” అన్నాడు ఆయన నెమ్మదిగా. “నేను వయసులో ఉన్నెప్పుడు పోతి. సగంలో గుండె పట్టేసె. ఏడ్చుకుంటా దిగొస్తి.”

ఇద్దరూ తిరుగుతూనే ఉన్నారు. ఆయన మొలకు ఉన్న తన బుర్రను విప్పి, లోపల ఊది దుమ్ము పోగొట్టి, ఆమె వీపుకు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు.

“దమ్ముందామ్మే?”

గురివి ఒక్క క్షణం లోపలికి చూసుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

“లేదు మామా” అని చెప్పి, కొండకేసి పరుగెత్తింది.